అడుగు

చిరంజీవి అబ్బాయికి అమ్మ ఆశీస్సులు.

“ఇంక డాన్స్‌కి వెళ్లనమ్మా” అని ఫోన్‌లో తేల్చేశావు. ఎందుకురా అంటే మాట మార్చావు. తర్వాత మీ నాన్న దగ్గర అసలు సంగతి బయటపెట్టావట. శనివారం సోషల్‌లో, అదే అందరూ కలిసి డాన్స్ చేసే చోట, జంటగా వాల్ట్జ్ చేస్తుంటే ఒకమ్మాయి మధ్యలో ఆగి, “మీరు నా చెయ్యి లాగేస్తున్నారు, భుజం నొప్పెడుతోంది” అందట.

ఆ అమ్మాయి మంచి పని చేసింది. నీకు కష్టంగా ఉన్నా ఈ మాట ముందే అనేస్తున్నాను. చాలామంది చెప్పరు. పాట అయ్యేదాకా ఓర్చుకుని, నవ్వి, థాంక్స్ చెప్పి, మళ్లీ నువ్వు ఎదురొస్తే మంచినీళ్ల వంకతో పక్కకి తప్పుకుంటారు. నేనూ అలా తప్పుకున్నదాన్నే. ఎందుకు తప్పుకున్నానో ఆ మనుషులకి ఇప్పటికీ తెలిసి ఉండదు.

లీడ్ చెయ్యడం, అంటే జంటలో దారి చూపడం, నేర్పేవాళ్లు ఎప్పుడూ నీ వైపు నుంచే చెబుతారు. పదకొండేళ్లుగా ఫాలో అవుతున్నదాన్ని, అంటే ఆ చూపిన దారిన అడుగేస్తున్నదాన్ని కాబట్టి అవతలి చేతి సంగతి నేను రాస్తాను.

స్లో వాల్ట్జ్ నిమిషానికి 28 నుంచి 30 బార్లు నడుస్తుంది. బార్ అంటే మూడు బీట్ల వరస, బీట్‌కి ఒక అడుగు. అంటే ఒక్కో అడుగుకి దక్కేది నిండు సెకను కూడా కాదు, అందులో మూడింట రెండు వంతులు. ఆ కాస్తలోనే నీ ఒళ్లు కదలాలి, ఆ కదలిక నా వీపు మీదున్న నీ కుడిచేతి గుండా నాకు అందాలి, అది నాకు అర్థమవ్వాలి, నేను బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మార్చుకోవాలి. నువ్వు చివరి క్షణంలో “అయ్యో, ఇక్కడ తిరగాలి కదా” అనుకున్నావంటే ఇక నాకు టైమ్ ఎక్కడిది? చెయ్యి పట్టి లాగడం తప్ప నీకూ దారి ఉండదు. లాగేవాళ్లలో మొరటువాళ్లు తక్కువే నాన్నా. ఆలస్యంగా ఆలోచించేవాళ్లే ఎక్కువ. స్కూలు బస్సు హారన్ కొట్టాక గానీ బూట్ల కోసం వెతికేవాడివి కాదు నువ్వు, ఇదీ అదే జబ్బు.

ఇంకోటి. నన్ను ఎటైనా పంపేముందు నా బరువు ఏ కాలి మీద ఉందో నీకు తెలియాలి. కుడికాలి మీద నిలబడ్డ మనిషిని అదే కాలితో అడుగెయ్యమంటే ఎలా వేస్తుంది? క్లాసుల్లో ఫిగర్లు, అంటే అడుగుల వరసలు, బోలెడు నేర్పుతారు గానీ దీన్ని ఒక్కసారి చెప్పి వదిలేస్తారు. నాకు దానిమీద ఎప్పట్నుంచో కోపం. పది ఫిగర్లు వచ్చి ఇది తెలియనివాడితో ఒక్క పాట చెయ్యడం కష్టం. నేలమీద చతురస్రం గీసినట్టు అడుగులేసే బాక్స్ స్టెప్ ఒక్కటే వచ్చినా ఇది తెలిసినవాడితో వరసగా నాలుగు పాటలు చేస్తాను.

అడుగు అనే మాట చూడు. కాలితో వేసేదీ అడుగే, ఏదైనా కావాలంటే “వెళ్లి అడుగు” అంటామే, అదీ అడుగే. లీడ్ అంటే నాకు ఆ రెండోదే తోస్తుంది. నువ్వు ఛాతీ కాస్త తిప్పి “ఇటు వస్తావా” అని అడుగుతావు. నేను వచ్చాకే తర్వాతది అడగాలి. నేను ఇంకోలా అర్థం చేసుకుని వేరే అడుగు వేశాననుకో, అప్పటికి మన డాన్స్ అదే. వెనక్కి గుంజకుండా అక్కణ్నుంచే ముందుకి పోవాలి.

మీ నాన్న మొదట్లో నన్ను లారీ స్టీరింగ్ తిప్పినట్టు తిప్పేవారు. టీచర్ చూసి చూసి, రెండు నెలలు ఫాలో అవ్వమని ఆయన్ని అటువైపు నిలబెట్టింది. మొదటిరోజే ఇంటికొచ్చి కుర్చీలో కూలబడి, “ఇన్నాళ్లూ ఎలా భరించావే?” అన్నారు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ ప్రశ్న వేయడం అదే మొదటిసారి! నువ్వూ నీ క్లాసులో కొన్నాళ్లు ఫాలో అవుతానని చెప్పు.

1816లో లండన్‌లో ప్రిన్స్ రీజెంట్, అంటే రాజు బదులు పాలిస్తున్న యువరాజు, ఇచ్చిన డాన్స్ విందులో వాల్ట్జ్ చేశారని టైమ్స్ పత్రిక మండిపడింది. ఒకరినొకరు అలా పట్టుకుని తిరగడమేమిటని గోలపెట్టి, కూతుళ్లని ఈ అంటురోగానికి దూరంగా ఉంచమని తల్లిదండ్రులని హెచ్చరించింది. నేనేమో తల్లినై ఉండి వెళ్లు వెళ్లు అని నీ వెంటపడుతున్నాను. అయితే అంత దగ్గరగా నిలబడటం చిన్న విషయమేం కాదు, దాని బరువు ఆ పత్రికకి తెలిసింది. బ్యూనస్ ఎయిరిస్ టాంగో వాళ్లకి ఇంకా బాగా తెలుసు. వాళ్ల మిలోంగాల్లో, అంటే టాంగో సోషల్స్‌లో, పాత పద్ధతి ప్రకారం ఎవరూ ఎవరి బల్ల దగ్గరికీ వెళ్లి చెయ్యి చాచరు. దూరం నుంచే చూపు కలిపి తల కొంచెం ఊపుతారు. అటునుంచీ తల ఊగితేనే లేచేది. దాన్ని కాబెసెయో అంటారు. ఇష్టం లేకపోతే చూపు తిప్పుకుంటే చాలు, నలుగురిలో ఎవరి పరువూ పోదు. మీ సోషల్‌లో నోటితోనే అడుగుతారు కాబట్టి ఎదురుగానే “వద్దు” వినాల్సి వస్తుంది. విను. ఎందుకని అడక్కు. కాళ్లు నొప్పులై ఉండొచ్చు, ఆ పాట నచ్చక పోవచ్చు, నువ్వే నచ్చకపోవచ్చు.

నేనూ ఒకసారి మానేశాను, నీకు తెలియదు. చేరిన కొత్తలో బాగా అనుభవం ఉన్న ఒకాయన నాతో ఫాక్స్‌ట్రాట్ అనే ఇంకో జంట డాన్స్ చేస్తూ పాట పొడుగునా నా తప్పులు దిద్దుతూనే ఉన్నాడు, అదీ పక్కవాళ్లకి వినబడేలా. నేనేం అడగలేదు. తనకి నొప్పెడుతోందని ఆ అమ్మాయి నీకు చెప్పడం వేరు, ఫ్లోర్ మీద పాఠం చెప్పడం వేరు. రెండు నెలలు అటు వెళ్లలేదు. తర్వాత మీ నాన్న బలవంతం మీద వెళ్లి గోడవార కూర్చుంటే, ఎనభైకి దగ్గరపడ్డ ఒక పెద్దాయన వచ్చి అడిగారు. ఆయనకి రాని డాన్స్ లేదు. అయినా ఆ పాటంతా నాకు వచ్చిన మూడు ఫిగర్లే చేశారు, ఆయనకీ అవే వచ్చన్నట్టు. పాట అయ్యాక నా కుర్చీ దాకా తీసుకొచ్చి దింపి వెళ్లారు. ఆ తర్వాత నేను మళ్లీ మానలేదు.

ఈ శనివారం వెళ్లు. ఆ అమ్మాయి కనిపిస్తే “ఆరోజు సారీ, చెప్పి మంచిపని చేశారు” అను, అంతే. దాని గురించి కథ చెప్పకు, అప్పుడే డాన్స్‌కీ పిలవకు. గోడవార కొత్తవాళ్లు ఎవరైనా కూర్చుని ఉంటే వాళ్లని అడుగు. బాక్స్ స్టెప్ సరిపోతుంది. అందరూ గడియారానికి ఎదురుదిశలో తిరుగుతుంటారు కదా, నువ్వు నెమ్మదిగా వెళ్లేట్టయితే మధ్యకి జరిగి, అంచున వేగంగా వెళ్లేవాళ్లకి దారివ్వు.

మీ నాన్న రాయమన్నది ఒకటే. బూట్ల అడుగున స్వెడ్ అనే గరుకు తోలు అరిగి నున్నగా అయితే జారతావట, వైర్ బ్రష్‌తో గీకమన్నారు. తడి నేల మీద వాటితో నడవొద్దట.

సెలవులకి వచ్చినప్పుడు హాల్లో కుర్చీలు పక్కకి జరుపుదాం. నేను లీడ్ చేస్తాను, నువ్వు ఫాలో అవ్వు. లాగితే చెప్పు.

అమ్మ