ఫుకెట్‌కు ఏ నెలలో?

సంపాదకులకు,

కుటుంబంతో విదేశం వెళ్దామనగానే ఇంట్లో పెద్దవాళ్లు అడిగే మొదటి మాట, 'అక్కడ గొడవలేం లేవు కదా?' అని. అడగాల్సిందే. కానీ దేశం పేరు పెట్టి అడిగితే సరైన జవాబు రాదు. 2025 జూలైలో థాయ్‌లాండ్, కంబోడియా సరిహద్దులో కాల్పులు జరిగినప్పుడు బ్యాంకాక్‌లోని మన దౌత్య కార్యాలయం ఏడు సరిహద్దు ప్రావిన్సుల వైపు వెళ్లవద్దంది. వాటిలో బీచ్‌లకు పేరున్న ఫుకెట్, క్రాబి లేవు. త్రాట్ మాత్రం ఉంది, కో చాంగ్ దీవి ఆ ప్రావిన్సులోదే. అందుకే హెచ్చరిక వచ్చినప్పుడు మనం బస చేసే ఊరు ఏ ప్రావిన్సులో ఉందో మ్యాప్‌లో వెతుక్కోవాలి.

అసలు ముప్పు నెలలో ఉంది. ఫుకెట్, క్రాబి, ఫిఫి దీవులు అండమాన్ సముద్రం వైపు ఉంటాయి. అక్కడ నైరుతి రుతుపవనాలు మే నెల నడిమి నుంచి అక్టోబరు దాకా. బాగా వాన పడేది సెప్టెంబరు, అక్టోబరుల్లో. మన బడులకు సెలవులు ఎప్పుడు? వేసవిలో, దసరాకు. ఆ రోజుల్లో ప్యాకేజీ చవగ్గా రావడానికి కారణం ఏజెంటు దయ కాదు, అది అక్కడ అన్‌సీజన్. అదే సముద్రంలోని సిమిలన్ దీవుల జాతీయ పార్కును మే నడుమ నుంచి అక్టోబరు నడుమ దాకా మూసేస్తారు. ఆ ప్రభుత్వమే మూసే నెలల్లో ఆ పక్క సముద్రంలోకే పిల్లలతో పడవ ఎక్కుతున్నామని గుర్తుండాలి. 2018 జూలై 5న ఫుకెట్ దగ్గర ఫీనిక్స్ అనే పడవ మునిగి 47 మంది చైనా పర్యాటకులు చనిపోయారు. ఆరోజు వాతావరణ హెచ్చరిక ఉంది.

మే ఆఖరులోనే వెళ్లక తప్పదంటే అవతలి తీరంలో, థాయ్‌లాండ్ గల్ఫ్ (సింధుశాఖ) వైపున్న కో సముయి దీవి మేలు. అక్కడ పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. సంక్రాంతికైతే ఫుకెటే బాగుంటుంది.

వానాకాలంలో బీచ్‌లో ఎర్రజెండా ఉంటే మోకాలి లోతుకు కూడా దిగకూడదు. ఒడ్డు నుంచి లోపలికి లాగే ప్రవాహం పైకి కనిపించదు. అటూ ఇటూ అలలు విరుగుతుంటే మధ్యలో నీళ్లు నిమ్మళంగా కనిపించే పట్టీయే ప్రమాదం. విశాఖ ఆర్.కె. బీచ్‌లో ప్రాణాలు తీసేదీ ఇదే. అందులో చిక్కితే ఒడ్డుకు ఎదురీదవద్దు, ఒడ్డు వెంబడి పక్కకు ఈది బయటపడాలి. ఈత రానివాళ్లు నీటి మీద తేలుతూ చెయ్యెత్తి పిలవాలి.

స్పీడ్‌బోటులో ఫొటోల కోసం అందరూ ముందు భాగంలో కూర్చుంటారు. అల మీద నుంచి పడవ దభీమని పడినప్పుడు దెబ్బంతా అక్కడే. వెన్నుపూస నలిగిపోయిన పర్యాటకులున్నారు. యాభై దాటినవాళ్లు, ఎముకలు బలహీనంగా ఉన్నవాళ్లు ఇంజను వైపు కూర్చోవాలి. గర్భిణులు ఎక్కనే కూడదు. పిల్లలకు పెద్దల లైఫ్ జాకెట్ తొడిగితే నీళ్లలో అది తల మీదుగా జారిపోతుంది. బరువుకు తగిన సైజు, కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ ఉన్నాయా అని డబ్బు కట్టే ముందే అడగండి. లేవంటే ఆ పడవ వద్దు.

గుండె జబ్బున్న పెద్దలతో ఫిఫిలో రాత్రి బస పెట్టుకోకపోవడం మంచిది. అక్కడ ఉన్నది చిన్న ఆసుపత్రి. కష్టమైన కేసును పడవలోనే ఫుకెట్‌కో క్రాబికో తేవాలి, సముద్రం బాగా లేకపోతే అదీ కుదరదు.

ఇక అద్దె స్కూటర్. థాయ్‌లాండ్ రోడ్డు మరణాల్లో ఎక్కువ భాగం ద్విచక్ర వాహనాలవే. మన లైసెన్సులో కారుకు మాత్రమే అనుమతి ఉంటే అక్కడ స్కూటర్ నడపడానికి లేదు. ఉన్నా, ఇక్కడి రవాణా శాఖ కార్యాలయంలో ఏడాది గడువుతో ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ కావాలి. అది లేకుండా పడితే పోలీసు జరిమానా చిన్న విషయం, చెల్లుబాటయ్యే లైసెన్సు లేదని బీమా సంస్థ క్లెయిమ్ తిరస్కరిస్తుంది. హామీగా పాస్‌పోర్టు అడిగే దుకాణం మెట్లు ఎక్కవద్దు.

బీమా ఫారంలో నాన్నగారి షుగరు, అమ్మ బీపీ దాచి ప్రీమియం తగ్గించుకునే అలవాటు మనలో ఉంది. ఆసుపత్రిలో పాత మందుల చీటీ చూసిన క్షణాన ఆ పాలసీ చిత్తుకాగితం. యుద్ధం, మద్యం, సాహస క్రీడల గురించి మినహాయింపుల పేజీలో ఏముందో చదివాకే కొనాలి.

అక్కడ అంబులెన్సుకు 1669, పర్యాటక పోలీసులకు 1155.

మీ పత్రికలో వచ్చే విదేశీ యాత్రా ప్రకటనల్లో ధర పెద్ద అక్షరాల్లో ఉంటుంది, ప్రయాణ తేదీలు ఎక్కడో మూలన ఉంటాయి. పర్యాటక పేజీలోనైనా ఏ తీరానికి ఏ నెల పనికిరాదో చిన్న పట్టికగా వేస్తే, బడులకు సెలవులివ్వక ముందే వేయాలని మనవి. టికెట్లు కొన్నాక చదివి చేసేదేం ఉండదు.

– ఒక పాఠకుడు, విశాఖపట్నం