బీథోవెన్ లిథో చిత్రం అమ్మకం రద్దు: మా ఖాతాదారులకు వివరణ

మ్యూనిక్‌లోని మా పాత ముద్రణాచిత్రాల దుకాణానికి ఏళ్ల తరబడి వస్తున్న తెలుగువారికి నమస్కారం. అమ్మకానికి వస్తుందని మీకు చెప్పిన 1826 నాటి బీథోవెన్ లిథో చిత్రాన్ని, అంటే రాతిపై గీసి కాగితం మీద అచ్చు వేసిన చిత్రాన్ని, అమ్మడం లేదు. అడ్వాన్సులు పూర్తిగా తిరిగి పంపించాము.

తన చర్చి సంగీత రచన 'మిస్సా సొలెమ్నిస్' రాతప్రతి చేతబట్టిన స్వరకర్త బీథోవెన్‌ను యోసెఫ్ కార్ల్ స్టీలర్ 1820లో చిత్రించగా, స్టీలర్ బంధువూ శిష్యుడూ అయిన ఫ్రీడ్రిష్ డ్యూర్క్, పదిహేడేళ్లు నిండీ నిండని వయసులో, దానిని రాతి మీదికి ఎక్కించాడు. వియన్నాలో మతియాస్ అర్టారియా ప్రచురించాడు. స్వరకర్త మరణానికి ముందటి ఏడాది వెలువడిన చిత్రమిది.

సరఫరాదారు ముందుగా పంపిన ఫోటోలో నాలుగు అంచులూ ఉన్నాయి. పెట్టె విప్పితే బయటపడినది బొమ్మ వరకే కత్తిరించిన కాగితం. ఇటువంటి చిత్రాలలో చిత్రకారుడు, రాతిపై గీసినవాడు, ప్రచురణకర్త, అందరి పేర్లూ ఉండేది కింది అంచులోనే. భూతద్దంతో చూస్తే జుట్టు పొడవునా రాతి గరుకుపై జిడ్డు క్రేయాన్ ఆగి ఆగి నడిచిన జాడ కనిపిస్తుంది, ఆధునిక యంత్ర ముద్రణలో కనిపించే చుక్కల వరుస ఎక్కడా లేదు. కనుక లిథో అన్నంతవరకు నిజమే. అయితే కాగితం రెండు వైపులా గోధుమరంగుకు తిరిగినా కోసిన చోటు మాత్రం తెల్లగా ఉంది, ఎడమ మూలలో కత్తి వంకరపోయింది కూడా. ఆ కోత పాతది కాదు. సరఫరాదారును అడిగితే, "ముఖం బాగానే ఉంది కదా, ఫ్రేములో అంచు ఎవరు చూస్తారు?" అని జవాబు వచ్చింది.

లోపం చెప్పి, ధర తగ్గించి అమ్మవచ్చునా అన్న ప్రశ్న నన్ను చాలా వేధించింది. మీలో కొందరు అలాగే ఇమ్మన్నారు, దుకాణానికి ఆ డబ్బు అవసరమే. కానీ పేరున్న చిత్రాన్ని మరొకరు తిరిగి రాతిపై గీసి అచ్చు వేయడం ఆ రోజుల్లో మామూలు. కింది అంచు లేనిదే ఇది అర్టారియా ముద్రణేనని నేను రుజువు చూపలేను. అలోయిస్ జెనెఫెల్డర్ సున్నపురాయిపై ఈ విద్యను రూపొందించిన ఊళ్లోనే దుకాణం పెట్టుకుని, అటువంటి కాగితానికి 1826 అని చీటీ అంటించడం నా వల్ల కాదు. మొండితనమంటే అననివ్వండి.

కాగితాన్ని వెనక్కి పంపాను. మా సొమ్ము ఇంకా రాలేదు, ఆ తగవు నేను చూసుకుంటాను. ఇకపై ఫ్రేము నుంచి విప్పిన కాగితాన్ని కళ్లారా చూసిన తరువాతే ఎవరికైనా డబ్బు చెల్లిస్తాము. యోసెఫ్ క్రీహూబర్ 1839లో గీసిన స్వరకర్త షూమన్ లిథో చిత్రం ప్రస్తుతం దుకాణంలో ఉంది. కావలసినవారు వచ్చి అడిగితే, వద్దన్నా సరే, ఫ్రేము విప్పి అంచులతో సహా చూపిస్తాను.