వర్క్‌షాప్ భద్రత గురించి సాంకేతిక విద్యాశాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రిగారికి,

నమస్కారం. నేను ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం విద్యార్థులకు వర్క్‌షాప్‌లో పని నేర్పే బోధకుణ్ణి. ఈ విషయంపై మీ కార్యాలయానికి ఇదివరకే మూడు వినతిపత్రాలు పంపాను. మూడింటికీ "పరిశీలనలో ఉంది" అన్న ఒకే జవాబు వచ్చింది. ఇన్నాళ్లుగా పరిశీలిస్తున్నారంటే చాలా లోతుగానే పరిశీలిస్తున్నారని సరిపెట్టుకున్నాను గానీ, గత నెల జరిగినదాన్ని చూశాక ఆ ఓపిక నాకు మిగల్లేదు.

ఒక విద్యార్థి లేత్‌లో, అంటే లోహపు కడ్డీని గిరగిరా తిప్పుతూ చెక్కే యంత్రంలో, కడ్డీని బిగించి, దాన్ని పట్టి ఉంచే చక్‌ను బిగించడానికి వాడే చక్ కీని చక్‌లోనే మరిచిపోయి స్విచ్ వేశాడు. కీ విసురుగా ఎగిరి, పక్క యంత్రం దగ్గరున్న కుర్రాడి చెవి పక్కనుంచి దూసుకుపోయి గోడ పెచ్చు ఊడగొట్టింది. నేను పరుగెత్తుకెళ్లేసరికి కీని మరిచిన విద్యార్థి స్విచ్ మీద చెయ్యి ఉంచి అలాగే నిలబడిపోయాడు. యంత్రం ఇంకా తిరుగుతూనే ఉంది. అతని రికార్డు తెరిచి చూస్తే, చక్ కీని తీశాకే యంత్రం నడపాలన్న నియమం మొదటి పేజీలోనే చక్కని దస్తూరితో రాసి ఉంది. ఎందుకు మరిచావని అడిగితే, "అది రికార్డు కోసం రాశాను సార్" అన్నాడు. అతన్ని తిట్టడానికి నాకు నోరు రాలేదు. చేతి నుంచి వదలగానే చక్‌లోంచి దానంతటదే బయటికి వచ్చే స్ప్రింగు కీలు ఇప్పించమని నేను మొదటి వినతిపత్రంలోనే అడిగాను.

మా పిల్లలకు ప్రమాదం ఎక్కడుంటుందో తెలియకపోవడం ఒక ఎత్తు, తప్పుగా తెలియడం ఇంకొక ఎత్తు. చేతి తొడుగులుంటే ఎక్కడైనా క్షేమమే అనుకుని, వాటితోనే డ్రిల్లింగ్ యంత్రం దగ్గరికి వస్తారు. తిరిగే డ్రిల్లు ఆ తొడుగును పట్టుకుంటే చేతిని కూడా లాగేస్తుందని వారికెవరూ చెప్పలేదు. వెల్డింగ్ వెలుగును వట్టి కళ్లతో చూసినవాడికి అప్పటికప్పుడు ఏమీ అనిపించదు, కొన్ని గంటలు గడిచాక కళ్లలో ఇసుక పోసినట్టు మంట మొదలవుతుంది. ఇక గ్రైండర్‌లో అరగదీసే ముక్కను ఆనించి పట్టుకునే ఆనుడుకూ చక్రానికీ మధ్య సందు 3 మిల్లీమీటర్లు మించకూడదని చెప్పాల్సిన నేనే, బోల్టు తుప్పుపట్టి కదలని ఆనుడును చూపిస్తూ ఆ పాఠం చెబుతున్నాను. ఇంత జరుగుతున్నా గేటు దగ్గర కచ్చితంగా అమలయ్యే నియమం ఒకటుంది: గుర్తింపు కార్డు ఎప్పుడూ మెడలో వేలాడుతూ ఉండాలట. లేత్ ముందు మొదట తీసేయించాల్సింది ఆ తాడునే!

2011లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో చివరి సంవత్సరం విద్యార్థిని ఒకరు రాత్రివేళ ఒంటరిగా పనిచేస్తూ, లేత్‌లో జుట్టు చిక్కుకుని మరణించారు. అంత పేరున్న చోటే అలా జరిగితే, ముప్పై మందికి ఒక్క బోధకుడున్న చోట నేను ఎవరి జుట్టును కనిపెట్టుకుని ఉండాలి, ఎవరి చేతిని పట్టుకోవాలి?

అయ్యా, మొదటి రెండు వారాలు యంత్రాలు ఆపే ఉంచి, భద్రతను మాత్రమే చేతులతో చేయించి నేర్పే వెసులుబాటు ఇవ్వండి. మరో బోధకుణ్ణి ఇవ్వండి. ప్రతి యంత్రానికీ చేతికందే చోట అత్యవసర స్విచ్ పెట్టించండి. మా దగ్గరున్న ఒకే ఒక్కటి తాళం వేసిన గదిలో ఉంది. ఇవేవీ కుదరకపోతే, కనీసం ఆ స్ప్రింగు కీలయినా ఇప్పించండి. వచ్చే సోమవారం కొత్త బ్యాచ్ వస్తోంది. పాత వినతిపత్రాల నకళ్లు మూడూ ఈ లేఖకు జతచేస్తున్నాను.

భవదీయుడు,
ఒక వర్క్‌షాప్ బోధకుడు