కాఫీ షాపుల చరిత్రంటే ఓనర్ల కథ ఒక్కటేనా?

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ బిజినెస్ పేజీలో జర్మనీ కైజర్స్ కాఫీ షాపుల మీద (కూర్చుని కాఫీ తాగే చోట్లు కాదు, కాఫీ గింజలు అమ్మే కొట్లుగా మొదలై సూపర్ మార్కెట్లయిన షాపులు) వచ్చిన వ్యాసం చదివాను. బాగుంది, కాదనను, కానీ చదవడం అయ్యాక ఏదో వెలితిగా అనిపించి రెండ్రోజులు ఆగి మళ్ళీ చదివితే అప్పుడు అర్థమైంది, అందులో తాత ఉన్నాడు, కొడుకు ఉన్నాడు, కొనుక్కున్న కంపెనీ ఉంది, కౌంటర్ వెనక నిలబడి పని చేసిన మనిషి మాత్రం ఒక్కరూ లేరు. నేను కొన్నేళ్ళు బెర్లిన్‌లో చదువుకున్నాను, ఆ షాపుల్లోనే సరుకులు కొనుక్కున్నాను, అందుకే ఈ ఉత్తరం.

మొదటి భాగం మీవాళ్ళు బాగానే రాశారు గానీ అసలు కిటుకు వదిలేశారు. 1880 ప్రాంతంలో అక్కడ ఇళ్ళల్లో కాఫీ అంటే పచ్చి గింజలు కొనుక్కొచ్చి పెనం మీద వేయించుకోవడమే. కాస్త పరధ్యానంగా ఉంటే ఒక పక్క మాడిపోతుంది, ఇంకో పక్క పచ్చిగానే ఉండిపోతుంది. ఫీర్జెన్ అనే ఊళ్ళో వాళ్ళ అమ్మానాన్నల చిన్న కిరాణా కొట్లో యోసెఫ్ కైజర్ అనే కుర్రాడు, అప్పటికి ఇరవై ఏళ్ళు కూడా లేవు, ఆ వేయించే పనేదో మనమే చేసి అమ్ముదాం అనుకున్నాడు. అంతా అక్కడే మొదలైంది. వేయించిన గింజకి ఇంకో గుణం ఉంది, రోజులు గడిచేకొద్దీ వాసన పోతుంది, అంటే జనం కొంచెం కొంచెంగా, తరచుగా, ఇంటికి దగ్గర్లో కొనుక్కోవాలి. మరి ఒకే చోట పెద్ద ఎత్తున వేయించి రైళ్ళ మీద పంపిస్తూ వీధి వీధికీ చిన్న కొట్టు పెడితేనే కదా ఆ వ్యాపారం నడిచేది! చెయిన్ స్టోర్ అనేది కాఫీతో అంత బాగా అతకడానికి కారణం అదే అని నాకనిపిస్తుంది. 1914 నాటికి ఆయనకి 1,420 బ్రాంచీలు. కాఫీ కొనడానికి వచ్చిన మనిషి పక్కనే చాక్లెట్టో బిస్కెట్టో కనిపిస్తే ఊరికే పోదు కాబట్టి సొంత చాక్లెట్ ఫ్యాక్టరీ కూడా పెట్టేశారు. నవ్వు మొహం ఉన్న ఎర్ర కాఫీ కెటిల్ వాళ్ళ గుర్తు.

ఇంకో కుటుంబం కూడా సరిగ్గా ఇదే దారిలో వచ్చింది. మ్యూల్‌హైమ్‌లో 1867లో విల్‌హెల్మ్ ష్మిత్స్-షోల్ దంపతులు పెట్టిన వ్యాపారం, వాళ్ళూ కాఫీ వేయించారు, 1893లో రిటైల్ షాపులు మొదలుపెట్టారు, తర్వాత చాక్లెట్లూ చేశారు, ఆ చాక్లెట్ల పేరు విస్సోల్, అంటే ఆయన పేరులోని అక్షరాలే. షాపుల బోర్డు మీద మాత్రం తమ పేరు పెట్టుకోలేదు, తమ దగ్గర పని చేసే ఎమిల్ టెంగెల్‌మాన్ అనే ఉద్యోగి పేరు పెట్టారు. చూడండి, వందేళ్ళకి పైగా వీధుల్లో వెలిగిన బోర్డు మీద ఉన్నది ఓనర్ పేరు కాదు, స్టాఫ్‌లో ఒకాయన పేరు! మీ వ్యాసంలో ఈ ముక్క కూడా లేదు. 1971లో ఈ టెంగెల్‌మాన్ వాళ్ళు కైజర్స్‌ని కొనేశారు. అప్పటికే యుద్ధాలూ దేశ విభజనా దెబ్బ మీద దెబ్బ కొట్టి తూర్పు వైపు బ్రాంచీలన్నీ పోయాయి, కాఫీ కొట్లు కాస్తా మెల్లగా సూపర్ మార్కెట్లయ్యాయి.

ఇక నేను చెప్పాలనుకున్నది. 2008లో బెర్లిన్‌లో ఈ షాపుల్లోనే ఒక క్యాషియర్‌ని ఉద్యోగంలోంచి తీసేశారు. అక్కడ ఖాళీ సీసాలు మెషీన్‌లో వేస్తే ఒక చీటీ వస్తుంది, బీరు సీసాకి 8 సెంట్లు, ప్లాస్టిక్ బాటిల్‌కి 25 సెంట్లు, ఆ చీటీ బిల్లు కట్టేటప్పుడు ఇస్తే అంత తగ్గించుకుంటారు. ఎవరో కస్టమర్ మర్చిపోయిన రెండు చీటీలు, ఒకటి 48 సెంట్లు ఇంకోటి 82 సెంట్లు, తన సొంత సరుకుల బిల్లులో వాడుకుంది అని ఆమె మీద అభియోగం. మొత్తం కలిపి 1 యూరో 30 సెంట్లు. ఆమె సర్వీసు 31 ఏళ్ళు. కింద రెండు కోర్టులూ కంపెనీ చేసింది కరెక్టే అన్నాయి, దేశమంతా దీని గురించే మాట్లాడుకుంది, చివరికి 2010 జూన్‌లో ఎర్ఫుర్ట్‌లోని ఫెడరల్ లేబర్ కోర్టు ఆమె తప్పు చేసిందని ఒప్పుకుంటూనే, మూడు దశాబ్దాలు సంపాదించుకున్న నమ్మకం ఇంత చిన్నదానికి పూర్తిగా పోదు, ఒక వార్నింగ్ ఇస్తే సరిపోయేది అని చెప్పి ఉద్యోగం తిరిగి ఇప్పించింది. ఈ తీర్పు జర్మనీలో చిన్న చిన్న కారణాలకి ఉద్యోగాలు తీసేసే కేసులన్నిటిలోనూ ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ షాపుల చరిత్రలో 1,420 బ్రాంచీల అంకె ఎంత ముఖ్యమో ఈ 1.30 కూడా అంతే ముఖ్యం అండీ, నా లెక్కలో ఇంకా ఎక్కువే.

అమ్మకం గురించి మీరు రెండే లైన్లు రాశారు, "నష్టాల వల్ల ఎడెకాకి అమ్మేశారు" అని. ఎడెకా అంటే అక్కడి పెద్ద సూపర్ మార్కెట్ కంపెనీ. నష్టాలు నిజమే, ఏళ్ళ తరబడి ఉన్నాయి. కానీ ఆ రెండు లైన్ల వెనక రెండేళ్ళకి పైగా నడిచిన నరకం ఉంది. 2014 అక్టోబర్‌లో టెంగెల్‌మాన్ వాళ్ళు అమ్ముతున్నాం అన్నారు, సుమారు 450 షాపులు, 16,000 దాకా ఉద్యోగులు. 2015లో పోటీ వ్యవహారాలు చూసే కార్టెల్ ఆఫీసు కుదరదు అంది, దాని వాదన కూడా తీసిపారేయలేం, అప్పటికే ఎడెకా, రేవె, ఆల్డి, లిడిల్ వాళ్ళ ష్వార్జ్ గ్రూప్, ఈ నాలుగింటి చేతిలోనే కిరాణా మార్కెట్లో 85 శాతం దాకా ఉంది. 2016 మార్చిలో ఆర్థిక మంత్రి జిగ్మార్ గాబ్రియేల్ ఉద్యోగాలు కాపాడాలన్న షరతులతో మినిస్టర్ హోదాలో పర్మిషన్ ఇచ్చారు, దానికి నిరసనగా ప్రభుత్వానికి సలహాలిచ్చే మోనోపలీ కమిషన్ ఛైర్మన్ రాజీనామా చేశాడు. పోటీ కంపెనీ రేవె వాళ్ళు కేసు వేస్తే జూలైలో డ్యూసెల్‌డోర్ఫ్ హైకోర్టు మంత్రి పక్షపాతం చూపించారన్న అనుమానానికి చోటుంది అని దాన్నీ ఆపేసింది. అక్టోబర్‌లో మాజీ ఛాన్సలర్ గేర్‌హార్డ్ ష్రోడర్‌ని మధ్యవర్తిగా కూర్చోబెట్టి రేవెకి బెర్లిన్‌లో కొన్ని షాపులు ఇచ్చేట్టు మాట్లాడుకుంటే గానీ కేసు వెనక్కి పోలేదు. 2017 జనవరి 1న చేతులు మారాయి.

చాలామంది నిపుణులు మంత్రి చేసింది తప్పన్నారు. నేనలా అనుకోను. ఆయన మాట్లాడిన పద్ధతి తప్పు కావచ్చు, కోర్టు పట్టుకున్నదీ అదే, కానీ కొనేవాడి చేత యూనియన్‌తో ఒప్పందం రాయించాకే సంతకం పెడతాను అనడం ముమ్మాటికీ సరైనదే. రాసి ఉన్న కాగితం లేకపోతే 16,000 మందిలో ఎంతమంది మిగిలేవాళ్ళు? మార్కెట్ వాటాకి లెక్క కట్టే ఆఫీసు ఉన్నప్పుడు మనుషుల ఉద్యోగాలకి లెక్క కట్టే చోటు కూడా చట్టంలో ఉండాలి కదా.

మా ఇంటి దగ్గర షాపులో ఒక పెద్దావిడ క్యాష్ కౌంటర్లో ఉండేది. నాకు జర్మన్ సరిగ్గా రాని రోజుల్లో వెనక పెద్ద లైన్ ఉన్నా సరే, నా అరచేతిలో చిల్లర తనే ఒక్కొక్కటిగా ఏరుకుని, ఏది ఎంతో పైకి చెప్తూ లెక్కపెట్టేది. జర్మన్‌లో అంకెలు నేను క్లాసులో కంటే ఆమె దగ్గరే ఎక్కువ నేర్చుకున్నాను. మనసులో ఆంటీ అనే పిలుచుకునేదాన్ని. 2016 శరదృతువులో ఒకరోజు మీ షాపు ఏమవుతుంది అని అడిగితే, పేపర్లో చూసి నువ్వే నాకు చెప్పాలి, మాకెవరూ ఏం చెప్పట్లేదు అంది. తర్వాతి ఏడు ఎప్పుడో ఒక పొద్దున్న నేను బస్సు కోసం నిలబడి ఉంటే నిచ్చెనలేసుకుని ఆ ఎర్ర కెటిల్ బోర్డు దించుతున్నారు, గోడ మీద కెటిల్ ఆకారంలో తెల్లగా మచ్చ మిగిలింది. లోపలికి వెళ్తే ఆమె అదే కౌంటర్లో ఉంది, ఏప్రాన్ రంగు మారింది అంతే. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

అందుకని ఎడిటర్ గారూ, ఈ సీరీస్‌లో ఇంకా పాత కుటుంబ కంపెనీల కథలు వస్తాయి అని రాశారు కదా, ప్రతి కథలోనూ మూడు విషయాలు కనుక్కుని వేయండి: అమ్మేనాటికి ఎంతమంది పని చేస్తున్నారు, వాళ్ళ కోసం ఏం రాసుకున్నారు, ఐదేళ్ళ తర్వాత అందులో ఎంతమంది మిగిలారు. కైజర్స్ విషయంలో మూడో ప్రశ్నకి జవాబు మీ విలేకరి తెలుసుకుని వేస్తే ముందు చదివేది నేనే.

ఇట్లు,
మీ పాత పాఠకురాలు