మన కాలనీ సంఘం వార్షిక నివేదిక: ఈసారి సగం వరద ముచ్చటే

సభ్యులందరికీ నమస్కారం. వీధిలైట్లు, బోరు మోటారు రిపేరు, వినాయక చవితి ఖర్చులు, అన్నిటి లెక్కలూ నోటీసు బోర్డుకు అంటించాం, చూసుకోండి. ఈ ఏడాది మేము ఎక్కువగా తిరిగింది యూనివర్సిటీ పిల్లలతో, వరద జాగ్రత్తల పని మీద.

ఇప్పుడెందుకీ తిప్పలు అని కొందరన్నారు. 2009 అక్టోబర్ 2న కర్నూలు పాతబస్తీ మునిగిందని మనకెవరూ చెప్పక్కర్లేదు, కానీ అంతలా ఎందుకు మునిగిందంటే మాలోనే చాలామందికి తెలీదు. మనకు దిగువనున్న శ్రీశైలం డ్యాం పూర్తి మట్టం 885 అడుగులు, అప్పుడు 896 దాటింది. కింద నీళ్లు నిండి నిలబడేసరికి ఎగువన సుంకేసుల బ్యారేజీ మీదుగా వచ్చిన తుంగభద్ర ముందుకు పోలేక, అందులో కలవాల్సిన హంద్రీ కూడా వెనక్కి తన్ని ఊళ్లోకొచ్చాయి. మన నెత్తిన చినుకు పడకపోయినా ముప్పు రావచ్చన్నమాట.

పిల్లలు మొదట నలభై ప్రశ్నల కాగితం పట్టుకొచ్చారు, నెల ఆదాయం ఎంత అని కూడా అడిగితే చివరి సందువాళ్లు తలుపేసుకున్నారు, వాళ్ల తప్పేం లేదు. తర్వాత మ్యాపు పరిచి నీళ్లు మెయిన్ రోడ్డు వైపు నుంచి వస్తాయని చూపిస్తుంటే మూలింటి అవ్వ, "బజారు నుంచి రాల్యా నాయనా, దొడ్డెనక మురుక్కాలవలో నుంచి పైకి తన్నినాయి" అని వాళ్లను లోపలికి పిలిచి, దేవుడి గూటి కింద ఇప్పటికీ పోని మట్టి గీత చూపించింది. ఆ పిల్లలు అక్కడే టేపు పెట్టి కొలిచారు, మ్యాపు మార్చారు. ఆ రోజు నుంచే ఈ పని మనదనిపించింది.

ఇంటింటికీ తిరిగి మెట్లెక్కలేని పెద్దలు, డయాలసిస్‌కు పోయేవాళ్లు, బాలింతలు ఎవరింట్లో ఉన్నారో రాసుకున్నాం. ఎవర్ని ఎవరి మిద్దె మీదికి చేర్చాలో కూడా అనుకున్నాం. ఈ కాగితం సంఘం గదిలోనే ఉంటుంది, వాట్సాప్‌లో పెట్టం.

వరదొచ్చినట్టు అనుకుని జనాన్ని మిద్దెల మీదికి చేర్చి చూసిన మాక్ డ్రిల్ మాత్రం అభాసైంది. మైకు బ్యాటరీ అయిపోయింది, తాతను కుర్చీలో మోసుకొస్తుంటే రెండో సందులో ఇసుక కుప్ప అడ్డం. అది ఎవరిదో ఇక్కడ రాయట్లేదు, వాళ్లకే తెలుసు.

ఇంకో చిక్కు, కోర్సు అయిపోగానే పిల్లలు మారిపోతారు, కొత్త బ్యాచ్‌కు మళ్లీ అ ఆల నుంచి చెప్పాలి. అందుకే తెలుగులో ప్రింటు తీసిన మ్యాపు ఇచ్చాకే వెళ్లమని వాళ్ల సారును పట్టుబట్టి అడిగాం, ఇచ్చారు.

వానాకాలం లోపల ఇంకో డ్రిల్ పెడతాం. సందుకు ఇద్దరు కావాలి, ఇప్పటికి మూడు సందుల నుంచే పేర్లొచ్చాయి. ఇసుక కుప్ప ఈ ఆదివారం లోపు తీయకపోతే సంఘమే కూలీ పెట్టి తీయిస్తుంది, డబ్బులు మాత్రం ఆ ఇంటి మెయింటెనెన్స్‌లో కలుపుతాం.