చిన్నా, ముందు డోరు విప్పు, డబ్బు తర్వాత తియ్యి

ఒరేయ్ చిన్నా,

నిన్న రాత్రి ఫోన్లో నువ్వు కారులో కొత్త మ్యూజిక్ సిస్టమ్‌కి 38 వేలు అనగానే నేను మాట మార్చేశాను. నచ్చక కాదు, పక్కనే మీ నాన్నగారు ఉన్నారు, ఆయన చెవిన పడితే పాత మారుతీ 800 పురాణం మొదలెడతారు, ఇక నీకు నిద్ర ఉండదు. ఆ పురాణం నేనే చెప్తాను, సగం నువ్వు పుట్టకముందుది.

నీ గోడు నాకు అర్థమైంది. స్విఫ్ట్‌లో పాట పెడితే రేకు డబ్బాలో శనగలు పోసి ఊపినట్టుంది, సౌండ్ కాస్త పెంచితే డోరంతా గజగజ. ఆ షాపతను వెంటనే ఆండ్రాయిడ్ స్క్రీన్, నాలుగు స్పీకర్లు, ఆంప్లిఫైయర్, బేస్ ట్యూబ్ అని చిట్టా రాసిచ్చాడు. అతన్ని తప్పు పట్టను, అతని వ్యాపారం అది. కానీ 31 ఏళ్ళు పాలిటెక్నిక్ ఎలక్ట్రానిక్స్ ల్యాబ్‌లో ఊళ్ళో పిల్లలందరికీ సోల్డరింగ్ నేర్పిన దాని కొడుకు, నాలుగు స్క్రూలు విప్పడానికి ఇంకొకరికి కూలి ఇస్తున్నాడంటే నాకు ఎలా ఉంటుందో చూడు. పైగా నీ కారులో జబ్బు సగం స్పీకర్లో లేదు, డోరులో ఉంది.

పైసా ఖర్చు లేని పని ముందు చెయ్యి. సెట్లో బేస్, ట్రెబుల్ రెండూ సున్నాకి తెచ్చి, ఫేడర్ (సౌండ్‌ని ముందు, వెనక స్పీకర్లకి పంచేది) కొంచెం ముందుకి జరుపు. ఫోన్లో పాటల యాప్ క్వాలిటీ డేటా మిగలాలని తక్కువలో పెట్టి ఉంటావు, నీ సంగతి నాకు తెలుసు, దాన్ని పైకి మార్చు. రెండు రోజులు అలా విను. ఇంకా చాలదనిపిస్తే అప్పుడు స్పానర్ పట్టు.

కొత్త డెక్కు, అంటే పాటల సెట్టు, మాత్రం వద్దు. అట్టపెట్టె మీద 4×50 వాట్స్, అంటే నాలుగు స్పీకర్లకీ తలా 50, అని ఉంటుంది, ఆ 50 ఎక్కడ పుట్టిందో ఒక కాగితం తీసుకుని లెక్క వెయ్యి. ఇంజన్ నడుస్తున్నప్పుడు కారులో ఉండేది సుమారు 14.4 వోల్టులు. స్పీకర్ 4 ఓమ్‌లు. 14.4ని 14.4తో గుణించి 4తో భాగిస్తే 52 వస్తుంది, అదీ వాళ్ళ 50. కానీ అంత రావాలంటే స్పీకర్‌కి వెళ్ళే కరెంటు అల, అదే వేవ్, పైనా కిందా కత్తిరించినట్టు చదునుగా అయిపోవాలి, అది పాట కాదు, గోల. శుభ్రంగా, నున్నగా వంపు తిరిగే సైన్ వేవ్ అయితే 14.4ని 1.414తో భాగించాలి, 10.2 వస్తుంది, 10.2ని 10.2తో గుణించి 4తో భాగిస్తే 26. అదీ కాగితం మీదే, చిప్‌లో కొంత పోతుంది కాబట్టి చేతికొచ్చేది ఏ 20 వాట్సో. నీ కారుతో వచ్చిన డెక్కుదీ, షాపులో మెరిసే స్క్రీన్‌దీ దాదాపు ఇదే కథ. మరి స్క్రీన్‌కి అంత డబ్బు పోసి ఏం సాధిస్తావు, మ్యాప్ పెద్దగా కనబడుతుంది, అంతేగా.

చేతిలో ఉన్నది 20 వాట్స్ అని తెలిశాక స్పీకర్ ఎలా కొనాలో దానంతట అదే తేలిపోతుంది. పెట్టె మీద పెద్దక్షరాల్లో ఉన్న పీక్ పవర్ చూడకు, చిన్నక్షరాల్లో సెన్సిటివిటీ అని ఉంటుంది, ఇచ్చిన పవర్‌కి ఎంత గట్టిగా మోగుతుందో చెప్పేది, అది చూడు. ఒకటి 89 డెసిబెల్స్, ఇంకొకటి 92 అనుకో. మూడేగా తేడా అనిపిస్తుంది కదా, కానీ 89 దానికి 20 వాట్స్ ఇస్తే ఎంత మోగుతుందో 92 దానికి 10 ఇస్తే అంత మోగుతుంది. చెవికి రెట్టింపు అనిపించాలంటే 10 డెసిబెల్స్ పెరగాలి, అంటే పదింతల పవర్. అందుకే "300 వాట్స్ స్పీకర్" అని ఊరించేవాడి మాట విని బరువైన స్పీకర్ తెచ్చి కంపెనీ డెక్కుకి కడితే పాతదానికంటే నీరసంగా మోగుతుంది, మళ్ళీ వాడే ఆంప్ కొనమంటాడు.

నీ కారుకి ముందు డోర్లలో పట్టేది ఆరున్నర ఇంచులది. ఒక్క ముందు జతే కొను. వెనక సీట్లో నెలకోసారి ఎక్కే మా కోసం డబ్బు తగలెయ్యకు, మీ నాన్నగారు ఎలాగూ కారు ఊరు దాటేలోపు గురక పెడతారు. ట్వీటర్, అంటే సన్నటి శబ్దాలు పలికే చిన్న స్పీకర్, మధ్యలో అతికించి ఉండేవి కోయాక్సియల్, ట్వీటర్ విడిగా వచ్చేవి కాంపొనెంట్. రెండోదే మేలు, ఎందుకంటే డోరు స్పీకర్ మోకాలి దగ్గర ఉంటుంది, పాట కాళ్ళ కింద నుంచి వస్తుంది, ట్వీటర్‌ని అద్దం పక్కనున్న ముక్కోణపు మూతలోకి తెస్తే గొంతు ఎదురుగా వచ్చి కూర్చుంటుంది.

ఇప్పుడు పురాణం. 1998లో మీ నాన్నగారు 800 కొన్నారు. మూడో నెలలో నాకు చెప్పకుండా టేప్ డెక్కు, వెనక ట్రే మీద 6×9 కోడిగుడ్డు స్పీకర్లు వేయించుకొచ్చారు. మీద స్టిక్కర్: 800 వాట్స్ పీఎంపీఓ, అంటే పీక్ మ్యూజిక్ పవర్ ఔట్‌పుట్. కారు 800, స్పీకర్లు 800 అని ఆయన మురిసిపోయారు. పీఎంపీఓ అనేదానికి ఒక లెక్కా పత్రం లేదండీ అన్నాను, వినలేదు. ఏడేళ్ళు విన్నాం ఆ స్పీకర్లు. బేస్ అనేది లేదు, ఘంటసాల గారు కూడా డొల్ల కుండలోంచి పాడినట్టుండేవారు, 800లో ఇంతేనేమో అని సర్దుకుపోయాం.

ఒక ఆదివారం ట్రే కడుగుదామని స్పీకర్లు విప్పాను. చేతికి గోడ గడియారం సెల్లు తగిలింది, ఒకటిన్నర వోల్టులది. ఊరికే సరదాకి కుడి స్పీకర్ వైర్ల కొసలకి అలా తాకించా. టుప్ అని కోన్, అంటే స్పీకర్ మధ్యలో ఊగే గిన్నెలాంటిది, బియ్యపుగింజంత ముందుకొచ్చింది. ఎడమదానికి అవే రంగు వైర్లకి తాకించా. టుప్ అని లోపలికి పోయింది! ఇటుది గాలిని నెడుతుంటే అటుది లాగుతోంది, బేస్ అంతా ఒకదాన్నొకటి మింగేస్తోంది. బిగించినవాడు ఒకవైపు వైర్లు తారుమారు చేశాడు. ఏడేళ్ళు! రెండు వైర్లు మార్చి పెట్టాక మీ నాన్నగారు కారులో కూర్చుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "ఘంటసాల గారికి జలుబు తగ్గిందోయ్" అన్నారు.

నువ్వు కూడా బిగించే ముందు ఆ సెల్లు పరీక్ష చెయ్యి. ప్లస్‌కి ప్లస్ తాకిస్తే కోన్ బయటికి రావాలి, అర సెకను చాలు, పట్టుకుని కూర్చోకు. ట్వీటర్‌కి మాత్రం సెల్లు పెట్టకు, దానికి గుర్తులు చూసి కలిపితే చాలు.

రెండో సంగతి నవ్వుకునేది కాదు. అదే బిగింపులో డెక్కుకి బ్యాటరీ నుంచి నేరుగా వచ్చే పసుపు వైరుని మెలితిప్పి నల్ల టేపు చుట్టి వదిలేశారు, ఫ్యూజ్ హోల్డర్ అడ్డమని తీసేశారు కూడా. బెజవాడ మే నెల నీకు తెలుసు కదా, మూసిన కారులో ఆ టేపు జిగురు కరిగి పాకం అయిపోయి, టేపు జారి, వైరు డాష్‌బోర్డు వెనక రేకుకి తగిలింది. ప్రకాశం బ్యారేజీ మీద ఉన్నాం, నువ్వు నా ఒళ్ళో నిద్రపోతున్నావు, కాలిన ప్లాస్టిక్ వాసన, సన్నగా పొగ. తాళం తీసినా ఆగదు, పసుపు వైరు తాళంతో సంబంధం లేనిది. బానెట్ ఎత్తాం సరే, బ్యాటరీ టెర్మినల్ విప్పడానికి స్పానర్ లేదు. పక్కన ఆగిన ఆటో అతను సీటు కింద నుంచి పది నంబర్ స్పానర్ తీసిచ్చాడు. ఆ తర్వాత నేను వైర్లు కోసే ఏ షాపుకీ కారు ఇవ్వలేదు.

అందుకని నీ కారులో ఒక్క వైరు కూడా కట్ చెయ్యకూడదు. స్పీకర్ వెనక గుచ్చే కప్లర్‌కి సరిపడా అడాప్టర్ దొరుకుతుంది, కోఠీ గుజరాతీ గల్లీలో అడుగు, లేదా ఆన్‌లైన్లో నీ కారు మోడల్, సంవత్సరం కొట్టి చూడు. ఒక కొస కంపెనీ కప్లర్‌లోకి, రెండో కొస కొత్త స్పీకర్‌కి. రేపు కారు అమ్మాలన్నా పాతవి మళ్ళీ గుచ్చేస్తావు.

ఇక డోరు. దీని మీద ఒక శనివారం మొత్తం పెట్టుకో, రెండో డోరు ఆదివారం. ముందు బ్యాటరీ నెగెటివ్ విప్పు, పాజిటివ్ కాదు, పాజిటివ్ విప్పేటప్పుడు స్పానర్ బాడీకి తగిలితే నిప్పురవ్వలు. లోపలి హ్యాండిల్ దగ్గర, చెయ్యి ఆనించే చోట స్క్రూలు దాక్కుని ఉంటాయి, చిన్న మూతలు గోటితో లేపి చూడు. అవన్నీ తీశాక డోర్ ప్యాడ్‌ని కింది మూల నుంచి చేత్తో లాగు, ఫట్ ఫట్ మని క్లిప్పులు ఊడుతుంటే గుండె ఝల్లుమంటుంది, టెన్షన్ పడకు, అది అలాగే వస్తుంది. పదేళ్ళ కారు కాబట్టి రెండు మూడు విరుగుతాయి, ముందే ఓ డజను కొని ఉంచుకో. మొత్తం ఊడగానే గబుక్కున లాగెయ్యకు, వెనక విండో స్విచ్ వైరు, హ్యాండిల్ కేబుల్ తగిలి ఉంటాయి.

లోపల ఒక ప్లాస్టిక్ షీటు నల్లటి జిగురుతో అతికించి ఉంటుంది. చాలామంది దాన్ని చెత్త అనుకుని చింపేస్తారు. వాన నీళ్ళు అద్దం వెంట డోరులోకి దిగడం మామూలే, ఆ నీళ్ళు నీ కాళ్ళ దగ్గరకి రాకుండా ఆపేది ఆ షీటే. చింపినవాళ్ళు జూలైలో మ్యాట్ తడిసిందని ఏసీ మెకానిక్ దగ్గరికి పరిగెడతారు. జాగ్రత్తగా ఒలిచి పక్కన పెట్టి, చివర్లో మళ్ళీ అతికించు.

షీటు తీశాక బయటి రేకు మీద వేలితో కొట్టు. టంగ్ అంటుంది. నీ గజగజ అంతా అదే. స్పీకర్ కోన్ ముందుకి ఎంత నెడుతుందో వెనక్కీ అంతే నెడుతుంది, వెనకది ఆ పల్చటి రేకుని వాయిస్తుంది, కంతల్లోంచి బయటికొచ్చి ముందరి బేస్‌ని తినేస్తుంది. రెండు మిల్లీమీటర్ల బ్యూటైల్ రబ్బరు షీటు, ఒకవైపు అల్యూమినియం ఫాయిల్ ఉన్నది, కొను. తారు షీటు చవగ్గా వస్తుంది, వద్దు, మన ఎండలకి మెత్తబడి జారిపోతుంది, కారంతా రోడ్డు వేస్తున్న కంపు. రేకుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, మొదట స్పీకర్ వెనక వచ్చే రేకు మీద అతికించి, చిన్న రోలర్‌తో గట్టిగా నొక్కు. రేకంతా కప్పక్కర్లేదు, మధ్యలో సగం కప్పినా చాలు, తర్వాత మళ్ళీ కొట్టి చూడు, టంగ్ పోయి దబ్ అంటుంది. తలుపు చెక్కలా! ఫాయిల్ అంచులు కత్తిలా ఉంటాయి, గ్లవ్స్ వేసుకో. డోరు అడుగున నీళ్ళు పోయే కంతలుంటాయి, వాటిని మాత్రం మూయకు, మూస్తే రెండేళ్ళలో డోరు తుప్పు పట్టి పోతుంది.

స్పీకర్ కింద రింగు ప్లాస్టిక్‌ది వాడు, ఎండీఎఫ్ చెక్కది తడికి ఉబ్బిపోతుంది. స్క్రూలు బిగించాక అద్దం పూర్తిగా దింపి, ఎక్కించి చూడు, మాగ్నెట్‌కి తగలకూడదు. ఈ పరీక్షలకి బ్యాటరీ మళ్ళీ కలపాలి, అప్పుడు విండో స్విచ్ కప్లర్ కూడా గుచ్చి ఉంచు. ప్యాడ్ మూయకముందే పాట పెట్టి, బ్యాలెన్స్ ఇటూ అటూ తిప్పి చూడు. అంతా బిగించాక మోగలేదని తెలిస్తే ఆ ఏడుపు ఉంది చూడు, నాకు తెలుసు.

ఆంప్ ఇప్పుడు వద్దు. ఈ పని అయ్యాక నెల రోజులు విని, అప్పటికీ కావాలనిపిస్తే సంక్రాంతికి కారు ఇక్కడికి తెచ్చుకో, ఇద్దరం కలిసి వేద్దాం. ఒకవేళ ఆగలేక ముందే వేస్తే, బ్యాటరీ నుంచి జానెడు రెండు జానల లోపే ఫ్యూజ్ ఉండాలి. ఫ్యూజ్ ఆంప్‌ని కాపాడటానికి కాదు, బ్యారేజీ మీద నిన్ను ఒళ్ళో పెట్టుకున్నదాన్ని చెప్తున్నా, వైరు కాలకుండా ఉండటానికి. పవర్ వైరు ఒక పక్క, సిగ్నల్ వైరు ఇంకో పక్క తీసుకెళ్ళు, రెండూ కలిపి లాగితే యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా దోమ మోత వస్తుంది.

నా ల్యాబ్ మల్టీమీటర్ కొరియర్లో వేశాను, లోపలి బ్యాటరీ తీసి విడిగా కట్టాను. గడియారం సెల్లు రెండు పెట్టాను. మీ నాన్నగారు చూడకుండా ఆవకాయ చిన్న సీసా కూడా పెట్టాను, డాక్టరు వద్దన్నది ఆయనకి, నీకు కాదు. అన్నిటి కింద గుడ్డలో చుట్టి పది నంబర్ స్పానర్ ఉంది, అది పనయ్యాక కూడా గ్లవ్ బాక్స్‌లోనే ఉండనీ.

మొదటి డోరు విప్పాక ఫోటో పంపు, షీటు చింపకముందు.

అమ్మ