మా ఆల్బమ్ ఎందుకు ఆలస్యమైంది, అందులో ఏముంది

అందరికీ నమస్కారం. అనంతపురంలో మా రికార్డింగ్ రూమ్‌కు వచ్చిపోయేవాళ్లకు, మా బ్యాండ్ మొదటి ఆల్బమ్ కోసం 300 రూపాయలు అడ్వాన్స్ కట్టినవాళ్లకు ఈ నాలుగు మాటలు. ఉగాదికల్లా పెన్‌డ్రైవ్ చేతిలో పెడతామన్నాం, పెట్టలేకపోయాం. తప్పు మాదే, క్షమించండి.

ముందు అసలు విషయం చెప్తాను. ఎనిమిది ట్రాకుల్లో ఏడింటికి పాడే గొంతు లేదు. చివరిదాంట్లో ఒక్క పల్లవి ఉంది, అంతే. అడ్వాన్స్ తీసుకున్న రోజే ఈ మాట గట్టిగా చెప్పాల్సింది. "పాటలు ఎప్పుడొస్తాయన్నా?" అని పోయిన నెల ఒకరి తర్వాత ఒకరు అడుగుతుంటే గానీ మాకు తట్టలేదు. పాటల కోసమని కట్టినవాళ్లు రూమ్‌కు వచ్చి డబ్బు వెనక్కి తీసుకోండి, రాలేకపోతే మెసేజ్ పెట్టండి, ఫోన్‌పే చేస్తాం. ఏమీ అనుకోం.

మాటలు లేకపోతే ఎవరు వింటారని ఇంట్లోవాళ్లూ అన్నారు. పెళ్లిలో నాదస్వరం, డోలు మోగుతుంటే దానికి సాహిత్యమేదని ఎవరూ అడగరు. ఊరేగింపులో తప్పెట దరువుకు పిల్లలు కాళ్లు నిలపలేరు. ఆ నమ్మకంతోనే ఈ పని మొదలుపెట్టాం.

ఆలస్యమంతా మూడో ట్రాక్ దగ్గరే. అందులో గిటారు, బేస్ గిటారుతో పాటు తప్పెట ఉంది. కాసింత ఎండుగడ్డి మంట దగ్గర కాచి తెస్తే తప్పెట ఖంగుమంటుంది. ఏసీ గదిలో కాసేపటికే తోలు చల్లబడి సడలుతుంది, శ్రుతి దిగుతుంది. నేను నాలుగు టేకుల్లోంచి మంచి ముక్కలు ఏరి అతికించాను. విడివిడిగా వింటే బాగున్నాయి. బేస్‌తో కలిపితే మొదటి సగం ఒక శ్రుతి, రెండో సగం ఇంకొకటి. కంప్యూటర్‌లో శ్రుతి పెంచి చూశాను. పెంచితే సన్నపుల్ల దెబ్బలో ఉండే చురుకు చచ్చిపోయింది. వాయించిన పెద్దాయనను పిలిచి వినిపిస్తే, రెండు నిమిషాలు కళ్లు మూసుకుని విని, "తోలు చల్లబడింది కదప్పా, మళ్లా కాచాల" అన్నాడు. ఎక్కడెక్కడ అతికించానో అన్నిచోట్లా వేలు పైకెత్తి చూపించాడు.

దాంతో మొత్తం తీసేశాం. తెల్లవారుజామున, బండ్ల రొద మొదలుకాకముందు, డాబా మీద మంట పక్కనే మైకులు పెట్టి ఒకే టేకులో వాయించాం. మంట చిటపటలు కూడా కాస్త వినిపిస్తాయి. వాటిని తీసేయాలనిపించలేదు. ఆ పెద్దాయనకు రెండోసారి కూడా పూర్తి కూలి ఇచ్చాం, కవర్ మీద మా పేర్ల వరసలోనే ఆయన పేరూ ఉంటుంది.

ఫోన్‌లో పెట్టేయొచ్చు కదా, పెన్‌డ్రైవ్ ఎందుకని కొందరు అడిగారు. ఆన్‌లైన్‌లోనూ పెడతాం. అయితే స్పాటిఫైలో ఒక ట్రాక్‌ను 12 నెలల్లో కనీసం 1,000 సార్లు వింటే తప్ప దానికి డబ్బు లెక్క కట్టరు, 2024 నుంచి అదే పద్ధతి. మొదటి ఆల్బమ్‌కు అది కష్టం. మీరు కట్టిన 300తోనే తప్పెట కూలి, మాస్టరింగ్ (ట్రాకులకు చివరి మెరుగులు దిద్దే పని) ఖర్చు గడిచాయి.

ఈ పనిలో పడి ప్రచార ఆటోల రికార్డింగులు రెండు, ఒక భజన మండలి పాటల మిక్సింగ్ వారం వెనకబడ్డాయి. ఆ ముగ్గురికీ బిల్లులో సగం తగ్గించాను. ఇకమీదట మా సొంత పని సాయంత్రం ఏడు తర్వాతే.

పెన్‌డ్రైవులు వచ్చే ఆదివారం నుంచి రూమ్‌లోనే ఇస్తాం. ఫోన్ స్పీకర్‌లో బేస్ అసలు వినపడదు, దయచేసి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. వచ్చినవాళ్లకు మూడో ట్రాక్ మా పెద్ద స్పీకర్లలో వినిపిస్తాం. నచ్చకపోతే అప్పుడైనా సరే, డబ్బు అక్కడే ఇచ్చేస్తాం.